రెండు మినుకుల తేడా

తడిగుడ్డ కొసతో వరండాలో కరెంటు మీటరు అద్దం తుడిచి, మునివేళ్ళ మీద లేచి నిలబడి ఆమె అంకెలు చదువుతోంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మూడు యూనిట్లు. పక్కనే మేకుకి వేలాడుతున్న క్యాలెండరులో ఆ రోజు గడిలో పెన్సిలుతో మూడు వేసి, పెన్సిలు మళ్ళీ జడలో దోపుకుంది. పదకొండు నెలలుగా రోజూ ఉదయం ఆరింటికి ఆమె చేసే మొదటి పని ఇదే. ముఖం కడుక్కోవడం దీని తర్వాతే.

"ఆపాను" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఆపాను" అని వెనక గదిలోంచి నాయనమ్మ రాగం తీసింది.

అది ఆ ఇంటి చట్టం. గదిలోంచి చివరగా బయటికొచ్చేవాళ్ళు లైటూ ఫ్యానూ ఆపి, అందరికీ వినబడేలా ఆ మాట అనాలి. ఇంట్లో నాన్న ఒక్కడే ఎప్పుడూ అనడు. ఎందుకంటే ఆయన ఎప్పుడూ ఆపడు. ఆ రోజు కూడా హాల్లో ఫ్యాను తిరుగుతుండగానే బస్సు డిపోకి బయల్దేరాడు. ఆయన అక్కడ మెకానిక్. చెప్పులేసుకుంటూ కూతురి వైపు చూసి, "ఇంకెన్ని రోజులే?" అని అడిగాడు.

"ఇరవై మూడు" అందామె, వెళ్ళి ఫ్యాను ఆపుతూ.

ఇరవై మూడు రోజుల్లో ఏడాది పూర్తవుతుంది. పందెం తేలిపోతుంది.

ఆ పందెం ఎలా మొదలైందంటే, ఆమె పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. గంటకోసారి ఒక్కో గదిలో చలి ఎంతుందో చూసి పుస్తకంలో రాయడం ఆమె ఉద్యోగం. అక్కడ ఒకసారి ఒక తలుపు రబ్బరు బొటనవేలంత చిరిగింది. ఆ కాస్త సందు కోసం మిషను పగలంతా రొప్పుతూనే ఉంది. కొత్త రబ్బరు వేయగానే పాలు తాగిన పిల్లాడిలా నిద్రపోయింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, ఫ్రిజ్ తలుపులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూసింది. లాగీ లాగకముందే కాగితం చేతిలోకొచ్చేసింది.

అంతే. ఆ ఇంటికి నిద్ర లేకుండా పోయింది.

ఫ్రిజ్‌కి కొత్త రబ్బరు వచ్చింది. గోడకంటుకుని ఉన్నది జానెడు ముందుకి జరిగింది. ట్యాంకు నిండి వీధిలో కాలువ కట్టేదాకా తిరిగే నీళ్ళ మోటారుకి ఇరవై రెండు నిమిషాలని హద్దు పడింది. ఇస్త్రీ వారానికొక్కసారే, బట్టలన్నీ కుప్ప పోసుకుని, పెట్టె వేడి చల్లారకముందే. పాత ట్యూబులైట్లు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. గీజరు గంటసేపు వెలగడం మానేసి పది నిమిషాలకొచ్చింది. ముసలి ఎముకలకి కూడా గడియారం కట్టావా అని నాయనమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నీళ్ళు అంతే వేడిగా ఉన్నాయని ఒప్పుకుంది కానీ, ఆ మాట గోడతో చెప్పింది.

నాన్నకి మాత్రం నచ్చలేదు. ఆయన చిన్నప్పుడు ఇంటంతటికీ ఒకటే లాంతరు. ఆరుగురు పిల్లలు. దాని పక్కన కూర్చునే వంతు తనకొచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చేది. ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే, నా ఇంట్లో ఏ మూలా చీకటి ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాడట. వెలిగే ఇల్లు ఆయనకి మీసం లాంటిది. అందుకే కూతురితో తెగేసి చెప్పాడు. ఏడాది చూస్తాను, పాత వాడకంలో సగానికి దిగితే ఇంట్లో నీ మాటే చట్టం, దిగకపోతే ఇంకెవరూ నా లైటు మీద చెయ్యేయకూడదు అని.

ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. సరే అని మేకు కొట్టి క్యాలెండరు తగిలించింది. వీధిలో వాళ్ళు ఆమెకి స్విచ్చమ్మ అని పేరు పెట్టారు. వెక్కిరింపే అయినా ఆమెకి లోలోపల నచ్చింది.

అతను వచ్చింది ఆ రోజే, మధ్యాహ్నం. ఆమెకి సెలవు. ఆకాశం అప్పటికే మూతి ముడుచుకుని ఉంది. భుజాన సంచి, చంకలో రెండు బల్బులు బిగించిన చెక్క పలక. గేటు దగ్గర నిలబడి చేతిలోని కాగితాన్నీ ఇంటినీ మార్చి మార్చి చూశాడు.

"మీటర్ టెస్టింగ్ నుంచి వచ్చానండీ. ఈ ఇంట్లో ఎవరూ ఉండట్లేదా?"

వరండాలో కుర్చీలో కూర్చున్న నాయనమ్మ అతన్ని కింది నుంచి పైకి చూసింది. "మరి నేనెవర్ని నాయనా?"

అతను నాలిక కరుచుకున్నాడు. విషయమేమిటంటే, నెలకి రెండొందల నలభై యూనిట్లు వాడే ఇల్లు తొంభైకి పడిపోయిందని ఆఫీసు కంప్యూటరు ఈ ఇంటిని వేరే లిస్టులో పెట్టింది. అలా పడిపోవాలంటే ఇల్లు తాళం వేసైనా ఉండాలి, లేకపోతే... అంటూ ఆగాడు.

"లేకపోతే?" అందామె, గుమ్మంలోకొచ్చి.

"లేకపోతే మీటరు మీద అనుమానం రావాలండీ."

"మీటరు మీదా, మా మీదా?"

"ముందు మీటరు మీద" అన్నాడతను. ఆ 'ముందు' అన్న మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

టెస్టు చేసే యంత్రం రిపేరుకి వెళ్ళిందట. అందుకని పాత పద్ధతి. ఇంట్లో అన్నీ ఆపేసి, ఈ పలక మీది రెండు బల్బులే వెలిగించాలి. మీటరు మీద ఒక ఎర్రచుక్క ఉంటుంది, కరెంటు వాడేకొద్దీ అది మినుకుమంటుంది. ఈ రెండు బల్బులూ పావుగంట వెలిగితే నూట అరవై సార్లు మినుకుమనాలి. నాలుగైదు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. బాగా తగ్గితే మాత్రం మీటరు నెమ్మదిగా తిరుగుతున్నట్టు.

అన్నీ ఆపేశారు. అతను స్టూలు మీద కూర్చుని చేతిగడియారం చూసుకుని మొదలుపెట్టాడు. ఆమె వరండా స్తంభానికి ఆనుకుని నిలబడింది. లెక్కపెట్టమని ఆమెనెవరూ అడగలేదు. కానీ రోజంతా రీడింగులు రాసే మనిషి, ఎదురుగా ఏదైనా మినుకుమంటే లెక్కపెట్టకుండా ఉండలేదు. బొటనవేలితో వేళ్ళ కణుపులు దాటుకుంటూ మొదలుపెట్టింది.

అంతలో వాన మొదలైంది. మామూలు వాన కాదు, మాటలన్నిటినీ మింగేసే వాన. ఫ్రిజ్ కూడా ఆగిన ఇంట్లో వాన తప్ప ఇంకే చప్పుడూ లేదు. అయిదారు సెకన్లకోసారి ఎర్రచుక్క కన్ను కొట్టి ఊరుకుంటోంది. అతను పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు, ఎక్కాలు వల్లెవేసే బడిపిల్లాడిలా. ఆమె చేప కోసం నీళ్ళని చూసే కొంగలా మీటరునే చూస్తోంది. చూరు నుంచి జారిన వానచుక్క ఒకటి ఆమె జడలోని పెన్సిలు మీద పడి, నెమ్మదిగా దాని కొసదాకా పాకి, అక్కడ వేలాడుతూ నిలబడిపోయింది.

పావుగంట అయ్యింది. అతను పలక ఆపి కాగితం తీశాడు.

"నూట ముప్పై ఎనిమిది."

"కాదు" అందామె. "నూట యాభై ఎనిమిది."

అతను తలెత్తాడు. "మీరు లెక్కపెట్టారా?"

"పెట్టాను."

"ఇది మా పనండీ. రోజుకి నాలుగిళ్ళు చూస్తాను."

"నేను రోజుకి తొంభై ఆరు రీడింగులు చూస్తాను."

అతని ముఖం ఎర్రబడింది. నాయనమ్మ ముందు, అదీ ఒక అమ్మాయి చేతిలో, ఇరవై తప్పావని అనిపించుకోవడం అంత తేలిక కాదు. పైగా తగ్గే ఉంటుందని అనుకుని వచ్చినవాడికి తగ్గిన లెక్కే నిజమనిపిస్తుంది. ఒకటో రెండో పోయుంటాయేమో కానీ ఇరవై ఎలా పోతాయండీ, అన్నాడు. ఆమె నోటి దాకా ఒక మాట వచ్చింది. నాయనమ్మ వైపు ఒకసారి చూసి దాన్ని మింగేసింది.

అతను నూట ముప్పై ఎనిమిదే రాసుకుని, పలక చంకన పెట్టుకుని వానలోనే వెళ్ళిపోయాడు.

"బల్బులబ్బాయి పొగరుబోతే" అంది నాయనమ్మ. "కానీ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు, చూశావా?"

ఆమె చూడలేదంది. చూసింది.

మూడో రోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మీటరు నెమ్మదిగా తిరుగుతున్నట్టు తేలింది కనుక పది రోజుల్లో ఊడదీసి ల్యాబుకి పంపుతారు, గడిచిన నెలల వాడకాన్ని మళ్ళీ లెక్కిస్తారు అని అందులో ఉంది. దొంగతనం అన్న మాట లేదు కానీ, ఎక్కడ పడితే అక్కడ దాని నీడ ఉంది.

ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచి పెట్టింది. మీటరు ఊడదీస్తారని కాదు ఆమె బాధ. మీటరే తప్పయితే ఆ క్యాలెండరు గడుల్లోని అంకెలన్నీ తప్పే. ఫ్రిజ్ రబ్బరూ, నాయనమ్మ పది నిమిషాల నీళ్ళూ, అమ్మ అరుపులూ అన్నీ కలిసి సాధించిందేమీ లేదు. ఇన్నాళ్ళూ ఇల్లంతా ఒక కుంటి మీటరుని చూసి మురిసిపోయినట్టు.

నాన్న గెలిచానని గంతులేస్తాడనుకుంది. ఆయన కాగితం చదివి, మడిచి ఆమెకే ఇచ్చాడు. తర్వాత ఆమె తల మీద చెయ్యేసి, "పోనీలేమ్మా. మీటరు మోసం చేస్తే నువ్వేం చేస్తావు" అన్నాడు.

వెక్కిరిస్తే తట్టుకునేది. ఆ జాలి తట్టుకోలేకపోయింది.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లో అన్ని లైట్లూ వేశాడు. కూతురి దిగులు పోగొట్టాలనే వేశాడు పాపం, ఆయనకి తెలిసిన మందు అదొక్కటే. ఇల్లు బట్టల దుకాణంలా వెలిగిపోయింది. వంటింట్లోంచి వస్తూ అమ్మ అలవాటుగా "ఆపా..." అని సగంలో ఆగిపోయింది. ఆమె లేచి ఒక్క స్విచ్చు కూడా ముట్టుకోలేదు.

మర్నాడు సాయంత్రం, వీధిలో ఎవరినో అడిగి తెలుసుకున్నట్టున్నాడు, కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు. అరగంట నుంచి పడుతున్న వానంతా అతని చొక్కాలోనే ఉన్నట్టుంది. ఆమె డ్యూటీ దిగి బయటికొచ్చింది. ఒంటి మీద లావుపాటి స్వెట్టరు, చెవుల మీదుగా ఉన్ని టోపీ.

అతను వచ్చిన పని మర్చిపోయి చూశాడు. "ఇదేంటండీ?"

"లోపల రెండు డిగ్రీలు" అంది. "మీరెందుకొచ్చారు? మీటరు తీసుకెళ్ళడానికైతే ఇల్లు ఇక్కడ లేదు."

అతను తడిసిన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక వెనక నుంచి మొదలుపెట్టాడు. రెండు రాత్రులుగా నిద్ర లేదట. ఆమె చెప్పిన అంకె బుర్రలో తొలుస్తూనే ఉందట.

"మీరు అబద్ధం చెప్పదలుచుకుంటే నూట అరవై అనేవాళ్ళు. నూట అరవై రావాలని నేనే ముందు చెప్పానుగా. మీరు నూట యాభై ఎనిమిది అన్నారు. అబద్ధం చెప్పేవాళ్ళెవరూ రెండు తక్కువ చెప్పరండీ."

ఆమె గొడుగు విప్పింది. విప్పి, కొంచెం ఇటు జరిపింది. అతను ఆ నీడలోకి ఒక భుజం మాత్రం పెట్టాడు. ఇద్దరూ నడుస్తుంటే మిగతాదంతా చెప్పాడు. లెక్క తప్పింది తనేనని ఆఫీసులో ఒప్పుకున్నాడు. మళ్ళీ టెస్టు చేయాలంటే ఒక ఫారం నింపాలి. అందులో 'పొరపాటుకు కారణం' అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే పెద్ద సారు తిప్పి పంపారు. అలసట అని రాస్తే మళ్ళీ తిప్పి పంపారు. రేపు సాయంత్రంలోగా కారణం రాయకపోతే పాత రిపోర్టే ఖాయం. తనింకా ప్రొబేషన్‌లో ఉన్నాడు, ఏం రాసినా చిక్కే.

"మా దగ్గర ఒక్క రీడింగు తప్పితే కారణం రాయకుండా ఎవరూ ఇంటికెళ్ళరు" అందామె. "ఒకసారి నిద్రపోయానని రాసినవాడు ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు. కడుపునొప్పి అని రాసినవాడు లేడు. నిజం రాయండి."

"నిజమే రాయాలా?"

"నిజమే."

"అక్షరం మార్చకుండా?"

"మార్చకుండా."

అతను ఆగిపోయాడు. వానలో నిలబడి, ఏదో బరువు దించుకున్నవాడిలా నవ్వాడు. "మీరే చెప్పారు. తర్వాత నన్ననకండి" అని రోడ్డు దాటి పరిగెత్తాడు. ఆమె మాత్రం ఇల్లు చేరేదాకా స్వెట్టరు తీయడం మర్చిపోయింది.

ఆదివారం ఉదయం పెద్ద సారు స్వయంగా వచ్చారు. తాడు కట్టిన కళ్ళద్దాలు మెడలో వేలాడుతున్నాయి. పక్కన అతను, చంకలో పలక. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. వచ్చినవాళ్ళకి కుర్చీలేసి, తను మాత్రం నిలబడ్డాడు. ఆ నిలబడటంలో ఒక సంగతి ఆమె గమనించింది. నాన్న మీటరుకీ ఆ మనుషులకీ మధ్యలో నిలబడ్డాడు.

"నా కూతురు పదకొండు నెలలు రాసింది" అన్నాడు. "తప్పని తేలితే తప్పే. కానీ ఈసారి నేనూ లెక్కపెడతాను."

పెద్ద సారు తలూపారు. ఈసారి లెక్కపెట్టేది ముగ్గురు, తనూ, నాన్నా, అమ్మాయీ. అతని వైపు తిరిగి, "నువ్వు గోడవైపు తిరిగి కూర్చో" అన్నారు. అతను బుద్ధిగా కుర్చీ తిప్పుకున్నాడు.

ఇంట్లో అన్నీ ఆపారు. హాల్లో ఫ్యాను ఆపడానికి నాయనమ్మ వెళ్ళింది. రెండు బల్బులూ వెలిగాయి. నాన్న జీవితంలో మొదటిసారి ఆ ఎర్రచుక్కని చూశాడు. గ్రీజు మరకలు పోని వేళ్ళు ఒక్కొక్కటిగా మడుచుకుంటూ, పదికోసారి అరచేత్తో తొడ మీద తట్టుకుంటూ లెక్కపెట్టాడు. ఆ పావుగంటా ఎవరూ దగ్గలేదు కూడా.

"నూట అరవై" అన్నారు పెద్ద సారు.

"నూట అరవై" అన్నాడు నాన్న. అని, ఆ అంకెని మళ్ళీ ఒకసారి అన్నాడు, అది తన సొంతమైనట్టు.

ఆమె తలూపింది, అంతే.

పెద్ద సారు పాత రిపోర్టు కొట్టేసి సంతకం పెట్టారు. ఈ ఇల్లు తన కింద ఉన్న ఇళ్ళన్నిటికీ చూపించదగ్గ ఇల్లనీ, ఇంట్లో మనుషులంతా ఉండి ఇంత తక్కువ వాడటం తన సర్వీసులో చూడలేదనీ నాన్నతో అన్నారు. నాన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

అప్పుడు పెద్ద సారు కళ్ళద్దాలు పెట్టుకుని ఇంకో కాగితం తీశారు. "ఇది కూడా ఇంటివారి ముందు చదవాలి, పద్ధతి" అని చదివారు.

"'పొరపాటుకు కారణం: చూపు మీటరు మీద లేదు. తప్పు మీటరుది కాదు, ఇంటివారిది కాదు, నాది.' బాగానే ఉందయ్యా. మరి చూపు ఎక్కడుంది?"

అతను గోడవైపే తిరిగి ఉన్నాడు. "వానచుక్క మీద సార్."

"వానచుక్క ఎక్కడుంది?"

"పెన్సిలు మీద సార్. పడుతుందా పడదా అని చూస్తూ ఉండిపోయాను."

"పెన్సిలు ఎక్కడుంది?"

దానికి అతను జవాబు చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. వరండాలో ఉన్నవాళ్ళందరి చూపూ ఆమె జడలోని పెన్సిలు మీదికి వెళ్ళి ఆగింది. ఆమె చెయ్యి దాన్ని పీకేయడానికి పైకి లేచి, దారిలో సిగ్గుపడి, స్తంభం మీద పడింది. నాయనమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పెద్ద సారు నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పడుతున్న కష్టం మీసాల దగ్గర తెలిసిపోతోంది. మూడు నెలలు టెస్టింగ్‌కి పంపనని, కూర్చోబెట్టి కాగితాలు రాయిస్తానని, ప్రొబేషన్ మరో ఆరు నెలలు పెరుగుతుందని చెప్పారు. అతను అన్నిటికీ సరే సార్ అన్నాడు. ఆ మూడు సరేలూ నాన్న జాగ్రత్తగా విన్నాడు.

అప్పుడతను కుర్చీ ఇటు తిప్పాడు. "సార్, ఒక్క సందేహం మిగిలిపోయింది. ఈ మీటరు నూట అరవై కొడుతోంది. ఆ రోజూ అంతే కొట్టి ఉండాలి." ఆమె వైపు చూశాడు. "మీరు నూట యాభై ఎనిమిది అన్నారు. రోజుకి తొంభై ఆరు రీడింగులు చూసేవాళ్ళు. ఆ రెండూ ఏమయ్యాయండీ?"

అమ్మ వంటింటి గుమ్మంలోకొచ్చింది. నాయనమ్మ నోట్లోంచి కొంగు తీసేసింది.

ఆమె మీటరు వైపు చూసింది, అది ఏమైనా సాయం చేస్తుందేమోనని. దాని కన్ను మూసే ఉంది. నిజం రాయండి అని వానలో నిలబెట్టి చెప్పింది తనే. అక్షరం మార్చకుండా అని కూడా తనే చెప్పింది.

"మీ పెదాలు కదలడం ఆగిపోయింది" అంది నెమ్మదిగా. "ఎందుకా అని చూశాను. అప్పుడు రెండు పోయాయి."

పెద్ద సారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. అతను ఖాళీ స్టూలుకి నమస్కారం పెట్టి లేచాడు.

వెళ్ళేముందు గేటు దగ్గర నాన్న అతన్ని ఆపాడు. ఏం అడుగుతాడోనని లోపల ముగ్గురు ఆడవాళ్ళూ ఊపిరి బిగబట్టారు.

"మీ ఇంట్లో నెలకెన్ని యూనిట్లు?"

"చెప్పడానికి సిగ్గుగా ఉందండీ. మూడొందలు దాటుతుంది. ఉండేది నేనూ అమ్మా ఇద్దరమే. మా అమ్మకి ఇల్లంతా వెలుగుతూ ఉండాలి. ఇలాంటి ఇల్లు ఉందని చెప్పినా నమ్మదు."

"ఆవిడ మంచి మనిషిలా ఉందే" అన్నాడు నాన్న. ఇల్లెక్కడ అని అడిగాడు. పెద్ద వీధి చివర, నీళ్ళ ట్యాంకు పక్కిల్లు అని అతను చెప్పాడు. నాన్న ఇంకేమీ అడగలేదు. లోపలికొచ్చి ఆ విషయం ఇంకేమీ మాట్లాడలేదు కూడా. ఆ రోజే కాదు, ఆ తర్వాత పన్నెండు రోజులూ.

ఆ పన్నెండు రోజుల్లో అతను రెండుసార్లు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కనబడ్డాడు. రెండుసార్లూ గొడుగు ఉంది. రెండుసార్లూ విప్పలేదు. మా అమ్మని మీ ఇంటికి తీసుకొస్తానని అతను అంటే, ముందు నాన్నని నోరు తెరవనివ్వండి అని ఆమె అంది. తెరవకపోతే అని అతను అడిగితే, మా నాన్న మాటలు చేతుల్లో ఉంటాయి అంది. అతనికి అర్థం కాలేదు. ఆమెకి కూడా అది నమ్మకమో ఆశో తెలియదు.

ఏడాది ఆఖరి రోజు ఉదయం ఆమె ఎప్పటిలాగే అద్దం తుడిచి, అంకెలు చదివి, చివరి గడిలో మూడు వేసింది. పన్నెండు నెలలూ కూడింది. మళ్ళీ కూడింది. సగం కాదు, సగానికన్నా కిందికే. పెన్సిలు జడలో పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడొచ్చాడో తెలియదు.

ఆయన క్యాలెండరు దగ్గరికి వెళ్ళాడు. మొదటి నెల దగ్గర్నుంచి ఒక్కో కాగితం తిప్పాడు. మొదటి నెలలో ఎనిమిదులూ తొమ్మిదులూ. తర్వాత ఆరులు. తర్వాత నాలుగులు. జ్వరమొచ్చి పడుకున్న రోజు కూడా గడి ఖాళీగా లేదు, అంకె కాస్త వంకరగా ఉంది అంతే. ఆ వంకర అంకె మీద ఆయన వేలు కాసేపు ఆగింది. మేకు నుంచి క్యాలెండరు తీసి, నలగకుండా గుండ్రంగా చుట్టి, ఆమె జడకున్న రబ్బరు బ్యాండు కోసం చెయ్యి చాచాడు. ఆమె తీసి ఇచ్చింది. దానితో పాటు పెన్సిలు జారి కింద పడితే, ఆయనే వంగి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

లోపలికెళ్ళి వారం ఇస్త్రీలోని మంచి చొక్కా వేసుకొచ్చాడు. ఆ రోజు డిపోకి సెలవని అప్పుడే అందరికీ తెలిసింది. "ఎక్కడికిరా పొద్దున్నే?" అని నాయనమ్మ అడిగింది. ఆయన వినిపించుకోలేదు. క్యాలెండరు చంకలో పెట్టుకుని, హాలు దాటి, గుమ్మం దాటి, చెప్పుల్లో ఒక కాలు పెట్టాడు.

పెట్టి, ఆగాడు.

ఆ కాలు వెనక్కి తీసుకుని మళ్ళీ హాల్లోకొచ్చాడు. తల పైకెత్తి తిరుగుతున్న ఫ్యానుని ఒకసారి చూశాడు. గోడ మీద స్విచ్చులు నాలుగుంటే, ఏది ఫ్యానుదో ఆయనకి తెలియదు. మొదటిది నొక్కితే లైటు వెలిగింది. దాన్ని ఆపాడు. రెండోది నొక్కాడు.

వంటింటి గుమ్మంలో అమ్మ, కుర్చీలో నాయనమ్మ, మీటరు పక్కన ఆమె, ముగ్గురూ ఆ మాట కోసం చూశారు. ఆయన అనలేదు. ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకుని, గేటు తీసి, పెద్ద వీధి చివర నీళ్ళ ట్యాంకు వైపు తిరిగాడు. ఆయన వెనక, హాల్లో, ఫ్యాను రెక్కలు మూడూ విడివిడిగా కనబడటం మొదలైంది.